దొడ్డుప్పు

"గట్టిగా ఊపిరి పీల్చుకో. ఆ ఒక్క ఊపిరితోనే ఒకటి నుంచి అంకెలు చెప్పు. మధ్యలో మళ్ళీ పీల్చకూడదు," అన్నాడు డాక్టరు.

గండయ్య మొదలుపెట్టాడు. ఇదెక్కడి పరీక్ష అనుకుంది మంచం పక్కన నిలబడ్డ యాదవ్వ. నాడి చూస్తారు, రక్తం తీస్తారు. అంతేగాని యాభై ఏళ్ళ మనిషి చేత బడిపిల్లాడిలా అంకెలు చెప్పించి రోగం చూడటం ఆమె ఎక్కడా వినలేదు. పాతిక దాటాక గండయ్య గొంతు సన్నబడింది. ముప్పై ఒకటి తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ముప్పై ఒకటి," అంటూ డాక్టరు కేసు షీటు మీద, 2012 ఆగస్టు తారీఖు పక్కన రాసుకున్నాడు. "మామూలు మనిషి నలభై దాటుతాడమ్మా. కాళ్ళలో మొదలైన చచ్చుదనం పైకి పాకుతోంది. ఛాతీకి వస్తే ఊపిరి ఆడదు. అందుకే పొద్దునా సాయంత్రం ఈ లెక్క. పదిహేనుకు దిగిందంటే గొంతులోకి పైపు వేసి మిషను మీద పెట్టాలి."

"దిగదు గద సారూ?"

"మందు ఇవాళే మొదలుపెడుతున్నాం. చూద్దాం."

చూద్దామంట! నాలుగు రోజుల కిందటి దాకా శామీర్‌పేట చెరువు నడుమ థర్మాకోల్ తెప్ప మీద నిలబడి వల విసిరిన మనిషి ఆయన. అక్కడినుంచి "యాదీ, డబ్బా పట్టుకరా!" అని ఒక్క కేక వేశాడంటే కట్ట మీద ఫోటోలు దిగే పట్నంవాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూసేవారు. అంత గొంతు ఇప్పుడు ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది.

మందు తెచ్చింది లలితకుమారి సిస్టరు. పిడికిట్లో పట్టేంత గాజు సీసాలు ఐదు. వార్డు మూలనున్న ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట సేపు బల్ల మీద ఉంచింది. మరీ చల్లగా నరంలోకి పోతే వణుకు పుడుతుందట. సీసాను ఊపకూడదట, నురగ వస్తుందట. చంటిపిల్లను పక్కకు తిప్పినట్టు మెల్లగా తిప్పి, కిటికీ వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు తగిలించింది. గొట్టంలో చుక్క మీద చుక్క పడటానికి ఒక యుగం పడుతోంది. పావుగంటకోసారి వచ్చి బీపీ చూసి పోతోంది.

"గింత నిదానంగ ఎక్కిస్తే ఎప్పటికైతది సిస్టరమ్మా?"

"ఇది సెలైన్ కాదమ్మా తొందరపడటానికి. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన మందు. రోగంతో కొట్లాడేవి ఉంటాయి మన రక్తంలో, యాంటీబాడీలంటారు. మీ ఆయన ఒంట్లో అవే దారి తప్పి సొంత నరాల మీద పడ్డాయి. బయటినుంచి ఇవి పోయి వాటిని అణచాలి. రోజుకు ఐదు చొప్పున ఐదు రోజులు. ఒక్క రోజు కూడా తప్పకూడదు."

"పాడయ్యే సరుకా?"

"చల్లదనం పోయిందంటే పాడే. ఫ్రిజ్‌లోనే ఉండాలి."

ఆ మాట యాదవ్వ చెవిలో పడి అక్కడే కూర్చుంది. చల్లదనం పోవద్దు. చేపల డబ్బా ముందు ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా?

వార్డు ఊడ్చి తుడిచే జైనబ్ ఇదంతా వింటూ బకెట్ పక్కన ఆగిపోయింది. ఫినాయిల్ నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు పగిలి ఎర్రగా ఉన్నాయి.

"యాదవ్వక్కా, వేలమంది రక్తమంటే మా సాయిబులది గూడ ఉంటది గద?"

"ఉండక యాడికి పోతది! రేపటి సంది మా ఆయన నన్ను ఉర్దూల తిడతడేమో."

గండయ్య నవ్వాడు. మూతి ఒక పక్కకే కదిలింది. ముగ్గురూ అది చూశారు, చూడనట్టే ఉన్నారు.

*

రెండో రోజు పొద్దున లెక్క ఇరవై ఏడు. మందు ఎక్కుతుంటే అంకె దిగుతుందేమిటని యాదవ్వ సిస్టరు వెంట పడింది. "పని చెయ్యడానికి కొన్ని రోజులు పడుతుందమ్మా, నా ప్రాణం తియ్యకు," అని సిస్టరు విసుక్కుంది. ఆ పూట ఐదు సీసాలు ఎక్కించారు. ఇంకా పదిహేను ఫ్రిజ్‌లో ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి కోత మొదలైంది. ఆస్పత్రి ఉన్న మేడ్చల్‌లో రోజుకు నాలుగు గంటలు కరెంటు తీస్తున్నారు. జనరేటరు ఉందిగానీ అది పై అంతస్తు ఐసీయూకే. మధ్యలో ఒకసారి కరెంటు వచ్చినట్టే వచ్చి, బల్బులు భగ్గుమని వెలిగాక మళ్ళీ పోయింది. ఫ్రిజ్ వెనకనుంచి కాలిన వాసన. సిస్టరు తలుపు తీసి చెయ్యి పెట్టి చూసి నెత్తి కొట్టుకుంది.

"మెకానిక్ రేపు పొద్దున గాని రాడట. మందుల షాపు ఫ్రిజ్ నిండా ఇన్సులిన్లే. పదిహేను సీసాలు ఎక్కడ పెట్టేది?"

"ఐస్ కావాలె గంతే గద సిస్టర్?" అంది జైనబ్. "యాదవ్వక్కోల్లు చేపలోల్లే. వాల్లకు ఐస్ దొరకదా?"

యాదవ్వ అప్పటికే చెప్పులు వేసుకుంది. గండయ్య కాళ్ళు పడిపోయిన రోజునుంచి ఆమెకు చెయ్యగలిగిన పని ఒక్కటీ దొరకలేదు. పక్క గుడ్డలు మార్చటం, నీళ్ళు తాగించటం, అంకెలు వినటం, ఇంతే. ఇదొక్కటి తన పని. షేర్ ఆటోలో ఇరుక్కుని శామీర్‌పేట వెళ్ళింది. ఇంట్లో చేపలు పెట్టే థర్మాకోల్ డబ్బాల్లోకెల్లా గట్టిదాన్ని తీసి, చింతపండూ బూడిదా పెట్టి తోమి ఎండలో బోర్లించింది. ఐస్ దుకాణంలో దిమ్మ కొట్టించి, గోనెసంచిలో వేసి కర్రతో దంచింది. వచ్చేటప్పుడు దుకాణంవాడి బస్తాలోంచి రెండు దోసిళ్ళ దొడ్డుప్పు రాళ్ళు తీసి కొంగున కట్టుకుంది. అదేం కొత్త అలవాటు కాదు. ఎండాకాలం బొచ్చె చేపలు మచ్చ బొల్లారం బజారు దాకా పోవాలంటే ఐస్ మీద దొడ్డుప్పు చల్లాల్సిందే. కట్ట మీద కుల్ఫీ అమ్మేవాడి దగ్గర నేర్చుకుంది. ఉప్పు పడ్డ ఐస్ చల్లదనానికి చేప కట్టెలా బిగుసుకుంటుంది, సాయంత్రం దాకా కన్ను తెల్లబడదు.

ఐదింటికల్లా ఆస్పత్రికి తిరిగొచ్చింది. సిస్టరు డబ్బా వాసన చూసి ముఖం చిట్లించినా "చాలా మేలు చేశావమ్మా" అంది. ఆ మాటకు యాదవ్వ ఒళ్ళు తేలికైంది. అంతలో గండయ్య పిలిస్తే అటు పోయింది. కాబట్టి, సిస్టరు జైనబ్‌ను దగ్గరకు పిలిచి వేలు చూపిస్తూ చెప్పిన మాట ఆమె వినలేదు.

"కింద ఐసు, మీద మందంగా అట్టలు, అట్టల మీద సీసాలు. సీసాకు ఐస్ తగలకూడదు. నీదే బాధ్యత, విన్నావా?"

జైనబ్ అట్టపెట్టెలు చింపి రెండు వరసలు పరిచింది. సీసాలు సర్ది మూత పెట్టింది. డబ్బాను గండయ్య మంచానికి ఎదురుగా కిటికీ కింద ఉంచి, ఆరింటికి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం లెక్క ఇరవై రెండు.

ఇరవై రెండు! పొద్దున్నుంచి ఐదు అంకెలు దిగింది. యాదవ్వ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఇరవై రెండు లోంచి పదిహేను పోతే ఏడు. పోయి డబ్బా మూత ఎత్తింది. ఐస్ అప్పుడే అంచుల్లో నీరు కారుతోంది, సీసాలు అట్టల మీద హాయిగా కూర్చున్నాయి. ఇదేం సర్దుడు! నడుమ అట్ట ఉంటే చల్లదనం సీసాకు ఎట్లా అందుతుంది? పొద్దుటి దాకా ఈ ఐస్ ఉంటుందా? తెలియని వాళ్ళ చేతిలో పెడితే ఇంతే. అట్టలు తీసి మడిచి మంచం కిందికి తోసింది. కొంగు ముడి విప్పి దొడ్డుప్పంతా చల్లి, చేత్తో కలిపి, బొచ్చెలు పేర్చినట్టు సీసాలను పక్క మీద పడుకోబెట్టి పైన మళ్ళీ ఐస్ కప్పింది.

"ఏమే, సిస్టరుకు చెప్పినవా?" అన్నాడు గండయ్య మంచం మీదనుంచి.

"ఆమెకు ఐస్ సంగతి ఏం ఎర్క?"

"అవి చేపలు గావే."

"నువ్వు ఊకో. మాట్లాడకు, ఊపిరి దాచుకో."

*

పొద్దున ఏడింటికి లలితకుమారి మూత తీసింది. యాదవ్వ పక్కనే ఉంది. డబ్బాలోంచి చల్లటి పొగ ముఖానికి కొట్టింది. ఇంకా ఐస్ మిగిలే ఉంది. చూశావా అనబోయింది. అంతలో సిస్టరు చేతిలోకి తీసిన సీసా తెల్లగా, రాయిలా ఉంది. రెండోదీ అంతే. మూడోది నిలువునా పగిలింది. "అయ్యో దేవుడా," అంది సిస్టరు.

డాక్టరు వచ్చి ఒక్కో సీసా ఎత్తి చూసి పక్కన పెట్టాడు. "గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఎక్కిస్తే మనిషికే ప్రమాదం. పదిహేనూ పారెయ్యండి."

యాదవ్వ పగిలిన సీసాను చూసింది. చల్లదనం పోతే పాడన్నారు కదా? చల్లదనం ఎక్కువైనా పాడేనా? ఈ ముక్క ఎవరు చెప్పారు తనకు?

"జైనబ్!" సిస్టరు కేకకు వార్డంతా తిరిగి చూసింది. "ఏం చెప్పాను నీకు? ఐస్ తగలకూడదని చెప్పానా లేదా?"

"అల్లా కసమ్ సిస్టర్, రెండు వరసల అట్టలు పెట్టిన."

"పెడితే ఏవీ? రెక్కలొచ్చి ఎగిరిపోయాయా? పనిమీద బుద్ధి ఉంటే కదా! వేలమంది రక్తమే అది, నీ బకెట్లో నీళ్ళనుకున్నావా?" సిస్టరుకూ భయమే, సంజాయిషీ చెప్పాల్సింది ఆమె. "మనవాళ్ళ తప్పయితే ఆస్పత్రి మళ్ళీ తెప్పిస్తుంది. అదే పేషెంటు తాలూకు వాళ్ళు పాడుచేసి ఉంటే సర్కారు ఉచిత వైద్యం కార్డు మీద రెండోసారి పైసా మందు రాదు. ఆ రకంగా వీళ్ళ అదృష్టం బాగుంది. నీ సంగతి నిన్ను పనిలో పెట్టిన కాంట్రాక్టరు చూసుకుంటాడు."

యాదవ్వ నోరు తెరిచింది. కార్డు మీద రాదన్న మాట దగ్గర మళ్ళీ మూసుకుంది.

డాక్టరు జీడిమెట్ల మందుల స్టాకిస్టుకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి వస్తాయన్నారు. తర్వాత గండయ్య వైపు తిరిగి అంకెలు చెప్పించాడు. పంతొమ్మిది.

జైనబ్ డబ్బా ఎత్తుకుని బాత్రూముకు పోయింది. యాదవ్వ వెంట పోయి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి వంచారు. కరిగిన నీళ్ళు చేతుల మీదుగా పారాయి. జైనబ్ "స్స్" అని చేతులు వెనక్కి లాక్కుంది. పగిలిన వేళ్ళు సుర్రుమన్నాయి. వట్టి ఐస్ నీళ్ళకు అట్లా మండదు. వేళ్ళను చూసుకుంది, డబ్బా అడుగున కరగకుండా మిగిలిన ఉప్పు పలుకులను చూసింది, తలెత్తి యాదవ్వను చూసింది.

"నువ్వా అక్కా?"

యాదవ్వ తల వంచుకుంది. "మంచిగుంటదని ఏసిన చెల్లె. నా చేతులు ఇరిగిపోను, మంచిగుంటదనే ఏసిన."

జైనబ్ కుళాయి తిప్పి డబ్బా అడుగు రెండుసార్లు కడిగింది. ఒక్క పలుకు మిగల్లేదు.

"నోరు తెరవకు," అంది. "సిస్టర్ చెప్పింది విన్నవ్ గద. నువ్వని తెలిస్తే మందు రాదు. నాకేందక్కా, దూలపల్లిల ఏదన్న కంపెనీల పని దొరుకుతది."

ఆ రోజంతా జైనబ్ తడిగుడ్డతో మంచాల మధ్య వంగి వంగి తుడుస్తుంటే యాదవ్వ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. తను చెయ్యి పెట్టకపోయి ఉంటే ఈపాటికి మూడో రోజు మందు ఎక్కుతుండేది. చెప్పేస్తే మందే రాదు. చెప్పకపోతే అదిగో, ఆ చేతులతో ఆ మనిషి దొంగలా పనిచేస్తోంది. పోనీ మందు ఎక్కేదాకా ఆగి చెబితే? అప్పుడు చెప్పినా చెప్పకపోయినా ఒకటే, జైనబ్‌ను కాంట్రాక్టరు రేపటినుంచి రావద్దని అననే అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పినవా?" అన్నాడు గండయ్య మెల్లగా, జావ తాగిస్తుంటే.

"ఊకో అన్నగద. చెప్తే నీకు మందు రాదు."

ఆయన చెంచాను నాలుకతో బయటికి నెట్టాడు. తల తిప్పుకోగల బలం లేదు కాబట్టి కళ్ళు మూసుకున్నాడు.

కొత్త సీసాలు నాలుగున్నరకు వచ్చాయి, బాగైన ఫ్రిజ్‌లో పది పెట్టి, ఐదు బల్ల మీద ఉంచారు. ఐదున్నరకు డాక్టరు వచ్చాడు. సిస్టరు చేతిలో ఒక కాగితం, ఇంకుప్యాడు. వార్డు ఆయా నిర్లక్ష్యం వల్ల మందు చెడిందని, అందుకు బదులుగా కొత్తది వాడుతున్నామని రాశారు. జైనబ్ బొటనవేలు చీరకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ముందు పేషెంటును చూద్దాం," అన్నాడు డాక్టరు. "గండయ్యా, ఊపిరి పీల్చుకో. మొదలుపెట్టు."

గండయ్య ఊపిరి పీల్చాడు. భుజాలు లేచేంతగా, మెడ నరాలు తేలేంతగా పీల్చాడు. యాదవ్వ పమిటె అంచు గుప్పిట పట్టుకుని ఒకటి కోసం ఎదురుచూసింది.

"జైనబ్‌ది తప్పు లేదు సారూ," అన్నాడు గండయ్య. "ఆమె అట్టలు మంచిగనే పెట్టింది. అవి తీసి దొడ్డుప్పు సల్లింది మా…"

అక్కడ అయిపోయింది. పెదవులు ఆ తర్వాతి మాటను రెండుసార్లు పట్టుకోబోయాయి, గొంతులో గాలి లేదు. నోరు తెరుచుకుని కొద్దికొద్దిగా ఊపిరి లాగుతున్నాడు, నుదురంతా చెమట.

"మాట్లాడకు, మాట్లాడకు," అని డాక్టరు భుజం పట్టుకున్నాడు. "ఏమంటున్నాడు? ఎవరు చల్లారు?"

జైనబ్ యాదవ్వ వైపు చూసి అడ్డంగా తల ఊపింది, చెప్పొద్దని. నిజానికి చెప్పనక్కరలేదు. రోగంలో ఏదో కలవరించాడంటే పోతుంది. కాగితం మీద వేలిముద్ర పడుతుంది, సీసా వేలాడుతుంది. యాదవ్వ మొగుడి ముఖం చూసింది. పంతొమ్మిది అంకెల ఊపిరి మిగిలిన మనిషి, అంతా తీసి ఆ ముక్కకు ఖర్చుపెట్టాడు. చివరి మాట ఆమెకు వదిలేశాడు.

"నేను సారూ," అంది యాదవ్వ. "నేనే సల్లిన. చేపలకు ఏసినట్టు ఏసిన. సల్లదనం పోవద్దంటే, పోకుండ చేస్తున్న అనుకున్న. జైనబ్‌కు ఏం తెల్వదు. ఆమె ఏలు ముద్ర తీసుకోకుండ్రి. ఏం చేస్తరో నన్ను చెయ్యుండ్రి, గని ఆయనకు మందు ఆపకుండ్రి, మీ కాల్లు మొక్కుత."

డాక్టరు ముఖం ఎర్రబడింది. "నీ చేతులతో నీ మొగుడిని చంపుకునేదానివి. తెలుసా?"

"తెల్వకనే సారూ."

ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "సీసాకు ఐస్ తగలకూడదని ఈమెకు చెప్పారా?"

"జైనబ్‌కు చెప్పాను సార్." లలితకుమారి కళ్ళు నేల మీదికి దిగాయి. "ఈమెకు… చల్లదనం పోకూడదని మాత్రమే చెప్పాను."

డాక్టరు కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆఫీసుతో నేను మాట్లాడతాను. ఏమంటారో నాకూ తెలియదు. ఇవాళ్టి ఐదు ఎక్కించండి. మిగతా పది సంగతి రేపు చూద్దాం." కేసు షీటు మీద సాయంత్రం గడిలో ఏమీ రాయకుండానే వెళ్ళిపోయాడు.

ఆయన గుమ్మం దాటాడో లేదో జైనబ్ యాదవ్వ రెక్క పట్టుకుని వరండాలోకి లాగింది.

"దిమాక్ ఖరాబైందా నీకు? నాకు ఇంకో నౌకరీ దొరుకుతది. నీకు ఇంకో మొగుడు దొరుకుతడా? పది సీసాలు వాపస్ తీసుకుంటే ఏం చేస్తవ్? అయ్యో అక్కా, ఎందుకు చెప్పినవ్!"

తిడుతూ తిడుతూ ఏడ్చింది. యాదవ్వ ఆ పగిలిన చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుని అట్లాగే నిలబడింది. లోపల సిస్టరు సీసాను మెల్లగా తిప్పి వెలుతురుకు పట్టి చూస్తోంది.

*

మర్నాడు పొద్దున ఏడైనా జైనబ్ రాలేదు. ఏడుంపావు అయింది. యాదవ్వ ద్వారం వైపే చూస్తోంది. ఏడున్నరకు బకెట్ చప్పుడు వినపడింది, వెనకే జైనబ్.

"ఆటో దొరకలే," అంది, ఏమీ జరగనట్టు. తర్వాత దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. "సారు ఫ్రిజ్ కాలిపోయి మందు ఖరాబైందని రాసిండట. ఎవరి పేరూ లేదు. కాంట్రాక్టరు మల్ల పనికి రమ్మన్నడు."

ఫ్రిజ్ కాలిన మాట నిజమే కదా. యాదవ్వ ఫ్రిజ్ వైపు చూసింది. తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. సిస్టరు చేతిరాత, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు: గడ్డ కట్టకూడదు. లలితకుమారి ఆ తలుపు తీసి ఐదు సీసాలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. లోపల ఇంకా ఐదున్నాయి. యాదవ్వ అవి కనపడినంతసేపూ చూసింది.

డాక్టరు ఆమెతో మాట్లాడలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయాడు. "ఇవాళ అంకెలే చెప్పు గండయ్యా. ఉపన్యాసం వద్దు."

గండయ్య పీల్చుకుని మొదలుపెట్టాడు. పది దాటింది. జైనబ్ తుడుస్తున్న గుడ్డ ఆపింది. పదిహేను. యాదవ్వ కళ్ళు మూసుకుంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. గొంతు సన్నబడుతోంది. పంతొమ్మిది. నిన్న పొద్దున ఆగింది ఇక్కడే. వార్డులో గుడ్డలోంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు.

"ఇరవై," అన్నాడు గండయ్య.

అంతే, అక్కడ అయిపోయింది. డాక్టరు రాసుకుని, రాసిన అంకె కింద గీత గీశాడు. మూడు రోజుల్లో దిగకుండా ఎక్కింది ఇదే మొదటిసారి, ఎక్కింది ఒక్క అంకే. యాదవ్వ మంచం చట్రం పట్టుకుని కూలబడి, గండయ్య చేతి మీద తల పెట్టింది. గండయ్య కాసేపు అలుపు తీర్చుకున్నాడు. మళ్ళీ ఊపిరి పీల్చాడు.

"యాదీ," అన్నాడు. "ఇంకోపారి నన్ను ఊపిరి దాచుకోమనకు."